కత్తికి కర్తృత్వం ఉందా?

ఆశ్వయుజ శుద్ధ నవమి, దశమి తిథులలో పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి మొక్కే ఆచారం పైకి ఎంత తేలికగా కనిపిస్తుందో, దాని వెనుక ఉన్న ప్రశ్న అంత తేలికైనది కాదు. హైదరాబాదుకు ఉత్తరాన నాగపూర్ రహదారి మీద ఉన్న మేడ్చల్‌లోనూ, కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి మీద ఉన్న శామీర్‌పేటలోనూ, వాటి చుట్టుపక్కల ఊళ్ళలోనూ కమ్మరి సుత్తె, గౌడుల గీతకత్తి, వంటింటి కత్తిపీట, పారిశ్రామికవాడలోని లేత్ మిషను, లారీ స్టీరింగు ఒకే వరుసలో పూజ అందుకునే వస్తువులు. వీటిలో మొక్కేవారిని ఇబ్బందిలో పెట్టగలిగేది ముఖ్యంగా కత్తే, ఎందుకంటే కోయడం తప్ప దానికి వేరే పని లేదు, కోత జరిగిన ప్రతిచోటా కోతకు గురైనది ఏదో ఒకటి ఉంటుంది. కత్తి కేవలం జడమైతే దానికి పుణ్యమూ పాపమూ అంటవు కనుక పూజకు అర్థం ఉండదు. దానిలో శక్తి ఉందని పూజిస్తే, ఆ శక్తి వల్ల జరిగిన హింసలో దానికి వాటా లేదనడం కుదరదు.

భారతీయ శాస్త్రాలకు ఈ చిక్కు కొత్తది కాదు. పాణిని కారక విభాగంలో కర్త అంటే స్వతంత్రుడు, కరణం అంటే క్రియ నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడే సాధనం. ఈ లెక్కన చెట్టు నరికినవాడు కర్త, గొడ్డలి కరణం, విషయం అంతటితో తేలిపోవాలి. అయితే అదే వ్యాకరణ సంప్రదాయం వివక్షను, అంటే చెప్పేవాడు దేన్ని ప్రధానంగా చూపదలచుకున్నాడన్న దాన్ని, లెక్కలోకి తీసుకుని, కరణాన్నే కర్తగా చెప్పడాన్ని కూడా ఒప్పుకుంది. ఖడ్గం చక్కగా కోస్తున్నది అనే వాక్యం అందుకు పండితులు ఇస్తూ వచ్చిన ఉదాహరణ. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అని అయిదు హేతువులను లెక్కించి, తానొక్కడే చేస్తున్నానని అనుకునేవాడి చూపును తప్పుపడుతుంది. ఈ మాటను వ్యాఖ్యాతలు ఎక్కువగా అహంకారాన్ని తగ్గించే ఉపదేశంగానే వివరించారు గాని, అదే మాటలో కరణానికి కూడా హేతువుల వరుసలో ఒక పీట వేసి ఉంది. ఆ పీట ఎంత ఎత్తుదో తేల్చాలంటే గ్రంథాలను కాసేపు పక్కన పెట్టి కొలిమి దగ్గరికి వెళ్ళక తప్పదు.

అలుగు పిడిలోకి మడిచిపోని కత్తి, అంటే అలుగూ పిడీ ఎప్పటికీ ఒకే తీరున నిలిచి ఉండే కత్తి, పిడి ఉన్న కత్తులన్నిటిలోకీ పాతది, గట్టిది. అలుగు వెనుక భాగం సన్నని తోకలా పిడిలోకి దిగుతుంది. తేలికపాటి కత్తులలో ఆ తోకను వేడి చేసి చెక్కలోకి దిగగొట్టి, చెక్క పగలకుండా మొదట్లో పొన్ను, అంటే లోహపు కట్టు, బిగిస్తారు. బరువైన నరుకుడు కత్తులలో తోకను పిడి పొడవునా సాగనిచ్చి, రెండు వైపులా చెక్కలు పెట్టి రివిట్లు కొడతారు. వెన్ను దగ్గర మందంగా మొదలై వాదర, అంటే పదునైన అంచు, దగ్గర సన్నబడే అలుగు నిజానికి ఒక పొడవాటి మేకు. రెండు ముఖాలు వాదర దగ్గర కలిసే కోణం ఎంత తక్కువైతే కోత అంత సులువు, వాదర అంత సుకుమారం. కూరగాయల కత్తికి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణం సరిపోతుంది, ఎముకనో కొబ్బరిబోండాన్నో నరికే కత్తికి 25 డిగ్రీలకు తగ్గితే వాదర వంగుతుంది లేదా పెచ్చులూడుతుంది. అంటే కత్తి దేనికి తగలబోతుందో అది పుట్టకముందే ఎవరో ఒకరు నిర్ణయించి ఉండాలి.

ఈ కుటుంబంలోనిదే అయిన కత్తిపీట తార్కికుడికి ఇంకా ఎక్కువ పని పెడుతుంది. అక్కడ అలుగు పీటకు బిగించి కదలకుండా ఉంటుంది, పీటను కాలు అదిమి పడుతుంది, వంకాయో గోంగూర కట్టో చేతుల మధ్య నుంచి వాదర మీదికి నడుస్తుంది. నైయాయికులు వ్యాపారం అని పిలిచేది, అంటే కరణం తన ఫలాన్ని పుట్టించడానికి మధ్యలో జరిపే చర్య, ఇక్కడ కత్తిలో కనిపించదు. కత్తి ఊరికే నిలబడి ఉంటుంది, తెగే వస్తువే దాని దగ్గరికి వస్తుంది. అయినా కోసింది కత్తిపీటే అనడంలో ఎవరికీ సందేహం కలగదు. కనుక కత్తిలో ఉన్న హేతుత్వం కదలికలో లేదు; దాని ఆకారంలో, దాని గట్టిదనంలో ముందుగానే కూర్చి పెట్టి ఉంది.

ఆ గట్టిదనం ఎలా వస్తుందన్నది లోహశాస్త్రం గత రెండు శతాబ్దాలలో వివరించగలిగినా, కమ్మరులు చేతితో చాలా ముందే కనిపెట్టిన విషయం. నేడు పల్లె కొలుముల దగ్గర కత్తికి ఎక్కువగా వాడే ముడిసరుకు పాత లారీల కమాను పట్టీ. దానిలో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, లారీలు ఎడతెగక నడిచే నాగపూర్ రహదారి పక్కన అది దొరకడం కష్టం కాదు. ఉక్కును కొలిమిలో ఎర్రగా కాలిస్తే సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, ఆ పైన మరికొంత వేడి చేరేసరికి ఇనుప పరమాణువుల అమరిక మారి కర్బనం దానిలో పూర్తిగా కరిగిపోతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే ఆ కర్బనం విడిపోయి ఉక్కు మెత్తబడుతుంది; నీటిలోనో నూనెలోనో ఒక్కసారిగా ముంచితే బయటపడే వ్యవధి లేక కర్బనం అక్కడే ఇరుక్కుని, మార్టెన్‌సైట్ అనే అతి గట్టి నిర్మాణం ఏర్పడుతుంది. ఇలా ముంచడాన్నే పాత గ్రంథాలు పాయనం అన్నాయి. అయితే ఆ స్థితిలో ఉన్న అలుగు కింద పడితే విరిగేటంత పెళుసుగా ఉంటుంది కనుక, దాన్ని మళ్ళీ 180 నుంచి 300 డిగ్రీల మధ్య కాచి, కొంత గట్టిదనాన్ని వదులుకుని ఆ మేరకు ఓర్పును సంపాదించాలి. మెరుగు పెట్టిన ఉక్కు మీద ఈ వేడికి రంగులు పుడతాయి. లేత గడ్డిరంగు దగ్గర ఆపితే పలచని కోతకు తగిన వాదర, నీలం దాకా పోనిస్తే దెబ్బలకు తట్టుకునే నరుకుడు కత్తి తయారవుతాయి. రాక్‌వెల్ కొలమానంలో మొదటిది 56 నుంచి 60 మధ్య, రెండోది దానికి కొంత దిగువన నిలుస్తాయి. ఏ రంగు దగ్గర ఆపాలన్న నిర్ణయం కమ్మరిది; కత్తి కొన్నవాడు తరువాత ఎంత కోరుకున్నా, మళ్ళీ కొలిమిలో పెట్టకుండా దాన్ని మార్చలేడు.

ఇదే నాగపూర్ దారిలో ఉత్తరానికి పోతే, ఆర్మూరు ప్రాంతంలోని కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసిన ఊరు. గోల్కొండ, నిజాం రాజ్యాల కాలంలో ఇరాన్ వర్తకులు అక్కడి దాకా వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవారు. త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు హెన్రీ వోయ్‌సే ఆ తయారీని చూసి రాసిన వివరణ ఆయన మరణానంతరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కులో కర్బనం ఒక శాతాన్ని బాగా దాటి ఉండేది కనుక, తక్కువ వేడిలో ఓపికగా సాగగొడితేనే అది దారికి వచ్చేది. తమకు అలవాటైన తెల్లని వేడిలో కొట్టబోయిన ఐరోపా కమ్మరుల చేతుల్లో అది ముక్కలై రాలిపోయేది. పదార్థం కూడా కర్తకు కొన్ని షరతులు పెడుతుందనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు, గీత చెప్పిన అయిదు హేతువులలో కరణం పక్కన అధిష్ఠానాన్ని, అంటే ఆధారాన్ని, ఎందుకు చేర్చారో దీనితో కొంత బోధపడుతుంది.

పాయనం గురించి రెండు ప్రాచీన గ్రంథాలు చెప్పిన మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు మనస్తత్వాలు తెలుస్తాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని ఖడ్గలక్షణ అధ్యాయంలో, సంపద కోరేవాడు రక్తంలో, మంచి కొడుకును కోరేవాడు నేతిలో, తరగని ధనం కోరేవాడు నీటిలో కత్తికి పాయనం పెట్టించాలంటాడు. ఇక్కడ ఉక్కు తాగిన ద్రవం యజమాని కోరికను మోస్తుంది, కత్తికి దాదాపు ఒక జాతకమే ఏర్పడుతుంది. సుశ్రుతుడు సంహిత సూత్రస్థానంలో శస్త్రాలకు, అంటే శస్త్రచికిత్స పనిముట్లకు, క్షారం, నీరు, నూనె అని మూడు పాయనాలు చెప్పి, ఎముకను కోసే శస్త్రానికి మొదటిదాన్ని, మాంసం కోసేదానికి రెండోదాన్ని, సిరను పొడిచేదానికి మూడోదాన్ని విధిస్తాడు. ఉప్పు, క్షారం కలిసిన నీటిలో ఉక్కు అన్నిటికన్నా వేగంగా, నూనెలో అన్నిటికన్నా నెమ్మదిగా చల్లారుతుందని నేటి లోహశాస్త్రం కూడా చెబుతుంది. వరాహమిహిరుడి దృష్టిలో కత్తి తన యజమానికి కట్టుబడి ఉంది, సుశ్రుతుడి దృష్టిలో అది తెగబోయే శరీరానికి కట్టుబడి ఉంది. నైతిక విచారణకు రెండో దృష్టే పనికివస్తుందని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

సుశ్రుతుడు అక్కడితో ఆగలేదు. వంకర, మొద్దుదనం, విరుగు, గరుకు వాదర, అతి మందం, అతి చిన్నతనం, అతి పొడవు, అతి పొట్టిదనం అని శస్త్రానికి ఎనిమిది దోషాలు లెక్కించి, వెంటనే ఒక మినహాయింపు ఇచ్చాడు: రంపానికి గరుకు వాదర దోషం కాదు, ఎముకను కోయడానికి అదే కావాలి. చీల్చే శస్త్రం వాదర మసూర పప్పు అంచంత ఉండాలనీ, గీకేది అందులో సగమనీ, పొడిచేది వెంట్రుకంత, కోసేది అర వెంట్రుకంత ఉండాలనీ కొలతలు కూడా ఇచ్చాడు. దోషమన్నది వస్తువులో పుట్టుకతో ఉండేది కాక, అది చేయవలసిన పనికీ దానికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంటుందన్న ఈ ఆలోచన ఒక వైద్యగ్రంథంలో పనిముట్ల పట్టికలా కనిపిస్తున్నా, అది పూర్తిగా ధర్మమీమాంసకు చెందిన ఆలోచనే.

ఆధునిక చట్టం కూడా తెలిసో తెలియకో ఇదే చోటికి చేరింది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన నియమాలు తొమ్మిది అంగుళాలకన్నా పొడవైన, లేదా రెండు అంగుళాలకన్నా వెడల్పైన అలుగు ఉన్న కత్తులను ఆయుధాల పట్టికలో చేర్చి, ఇంటిపనికి, వ్యవసాయానికి, శాస్త్రపరిశోధనకు, పరిశ్రమకు రూపొందించినవాటిని మాత్రం బయట ఉంచాయి. శామీర్‌పేటలో ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో క్రిమినల్ లా చదివే విద్యార్థి నేరంలో మనసు పాత్రను నిందితుడిలో వెతకడం నేర్చుకుంటాడు. ఈ పట్టిక మాత్రం మనసును వస్తువులో వెతుకుతుంది, ఎందుకంటే రూపొందించడం అంటే ఎవరో ఒకరి ఉద్దేశం ఆకారంగా మారడమే. ఒకే పొడవు, ఒకే ఉక్కు ఉన్న రెండు అలుగులలో ఒకటి చెరకు కొట్టడానికి, మరొకటి మనిషిని పొడవడానికి తయారైందని చట్టం గుర్తించగలుగుతున్నప్పుడు, కత్తి తటస్థమైన వస్తువు, మంచిచెడ్డలన్నీ పట్టుకున్న చేతివే అనే వాడుక వాదం సగమే నిలుస్తుంది.

మిగిలిన సగాన్ని మొదట ఎత్తి చూపినవి శ్రమణ మతాలు. అంగుత్తర నికాయంలో బుద్ధుడు ఉపాసకుడు, అంటే గృహస్థుడైన అనుయాయి, చేయకూడని అయిదు వ్యాపారాలలో మొదట ఆయుధాల వ్యాపారాన్ని చెప్పాడు. జైన శ్రావకాచార గ్రంథాలు మరింత కఠినమైనవి: నిష్ప్రయోజనమైన హింసను మానడమనే అనర్థదండ వ్రతంలో హింసాదానం, అంటే గొడ్డలి, కత్తి, పార, నిప్పు, విషం లాంటివాటిని ఇతరులకు ఇవ్వడం, ఒక దోషం. ఇక్కడ యుద్ధఖడ్గానికీ పొలం పారకూ తేడా చూపలేదన్నది గమనించదగింది. పార మట్టిలోని జీవులను చంపుతుంది కనుక అది కూడా అదే వరుసలో నిలబడింది. జైనం ఒకప్పుడు బలంగా వేళ్ళూనుకున్న నేల ఇది, కొలనుపాక ఆలయం నేటికీ యాత్రాస్థలమే; అయినా ఈ బోధ దసరా పూజను ఆపలేదు. ఆపకపోవడానికి కారణం తెలంగాణ రైతు, కమ్మరి, గౌడు హింసను ఇష్టపడ్డారని కాదు, కత్తిని ఇవ్వకుండా బతకడమన్నది గ్రామంలో సాధ్యమయ్యే పని కాదు. కమ్మరి జీవనమే ఇతరుల కోసం వాదరలు చేయడం. కొడవలికి కక్కు పెట్టడం, నాగలి కర్రు సాగదీయడం, గొడ్డలికి పదును పెట్టడం, వీటికి పంట చేతికొచ్చాక గింజల రూపంలో ముట్టే ప్రతిఫలం, ఇదంతా హింసాదానమే అయితే ఊరు మొత్తం దోషంలోనే ఉంటుంది, అప్పుడు దోషమన్న మాటకు మనుషులను దారిలో పెట్టే బలం పోతుంది.

అందువల్ల గ్రామం ఇంకొక దిక్కుగా ఆలోచించింది: కత్తిని ఉంచుకోవాలా వద్దా అన్నదానికన్నా, దాన్ని ఏ స్థితిలో ఉంచుకోవాలన్నది అక్కడ పెద్ద ప్రశ్న. మొద్దుకత్తి కోయదు, నలుపుతుంది. బలం ఎక్కువ వాడవలసి వస్తుంది, జారుతుంది, పట్టుకున్నవాడి చేతినీ కోస్తుంది. పశువును కోసేటప్పుడు ఈ తేడా నేరుగా ప్రాణి బాధగా మారుతుంది. సహీహ్ ముస్లిం సంకలనంలోని ఒక హదీసు, జంతువును కోసేవాడు కత్తికి బాగా పదును పెట్టుకుని, దానికి బాధ తగ్గించాలని విధిస్తుంది. జంతువు కళ్ళ ఎదుట కత్తి నూరకూడదన్నది ఇస్లామీయ ధర్మశాస్త్రంలో దీనితోపాటు పాటించే నియమం. ఖురేషీలైనా ఆరె కటికలైనా మాంసం కోసే వృత్తిలోనివారికి సానరాయి ఒక అదనపు సామాను కాదు. పని ఎంత క్రూరమవుతుందో ఎంత తక్కువ క్రూరమవుతుందో తేలేది దాని మీదే.

చెట్టు విషయంలో కూడా అంతే. ఈతచెట్టుకు మొవ్వు కింద కాండాన్ని చెక్కి, తాటిచెట్టుకు గెలను చెక్కి కల్లు తీసే గీతకార్మికుడు, మోకు ముత్తాదుల, అంటే చెట్టెక్కే తాళ్ళ, ఆసరాతో పైకి ఎక్కి, అంతకుముందు గీసిన చోటు మీద కాగితం మందాన మరొక పొర తీస్తాడు. ఆ పొర శుభ్రంగా తెగితే కణజాలంలోని నాళాలు తెరుచుకుని లొట్టిలోకి రసం జారుతుంది. వాదర మొద్దుబారి ఉంటే నాళాలు నలిగి మూసుకుపోతాయి, గాయం లోతవుతుంది, రసం తగ్గుతుంది. అందుకే దక్షిణాదిన కల్లు వృత్తి ఉన్నచోట్ల పలుగురాయి పొడి చల్లిన చెక్క మీద కత్తిని నూరుకోవడం గీతకన్నా ఎక్కువ శ్రద్ధతో నేర్చుకునే విద్య. సుశ్రుతుడు శస్త్రాలను నూరడానికి మినుముల రంగు నున్నని రాయినీ, వాదర నిలపడానికి బూరుగు చెక్కనూ చెప్పాడన్నది ఇక్కడ తలచుకోదగింది. రాయి ముఖం మీద ఒకే కోణంలో రెండు వైపులా నూరుతూ పోతే, రెండు ముఖాలు కలిసే చోట వెంట్రుకకన్నా సన్నని లోహపు మడత ఒకటి లేస్తుంది. దాన్ని చెక్క మీదనో తోలు మీదనో దువ్వి తీసేస్తేనే వాదర పూర్తవుతుంది. కరెంటు సానచక్రం మీద తొందరపడితే వాదర నీలంగా మారుతుంది. ఆ నీలం కమ్మరి ఎంచి ఆపిన నీలం లాంటిది కాదు, కత్తికి కొలిమి ఇచ్చిన గట్టిదనం ఆ అంచులో పోయిందన్న గుర్తు. పని అయ్యాక కడిగి, తుడిచి, నూనె చేయి రాయడం, చింతపండు పులుసు తగిలిన అలుగును తడిగా వదలకపోవడం లాంటివి వానాకాలపు తేమలో ఇంకా అవసరం, వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

నూరడంలో ఒక తాత్త్విక మెలిక ఉంది. కత్తి తనను తాను కోసుకోలేదన్నది బౌద్ధ తర్కంలో ప్రసిద్ధమైన దృష్టాంతం. జ్ఞానం తనను తాను తెలుసుకోగలదని, అంటే స్వసంవేదనం ఉందని, దిఙ్నాగుడు వాదించగా, శాంతిదేవుడి లాంటి మాధ్యమికులు ఈ దృష్టాంతంతోనే దాన్ని ఖండించారు. దిఙ్నాగుడు వేంగి సమీపంలో ఉన్నాడని హ్యుయాన్‌త్సాంగ్ రాశాడు కనుక, మాధ్యమికాన్ని స్థాపించిన నాగార్జునుడిని సంప్రదాయం శ్రీపర్వతంతో ముడిపెట్టింది కనుక, ఈ వాదం రెండు వైపులా తెలుగు నేలకు చుట్టరికం ఉంది. జ్ఞానం సంగతి ఎలా ఉన్నా, కత్తి విషయంలో మాధ్యమికుల మాట అక్షరాలా నిజం: దానికి పదును ఎప్పుడూ ఇంకొకదాని నుంచే వస్తుంది, వచ్చే ప్రతిసారీ కొంత కత్తి పోతుంది. ఏళ్ళ తరబడి నూరిన గీతకత్తి సగానికి సన్నబడుతుంది, పిడి రెండు మూడుసార్లు మారుతుంది, చివరికి కమ్మరి పాత అలుగుకు కొత్త ఉక్కు అతుకుతాడు. నాగసేనుడు మిళిందుడికి రథాన్ని చూపి చెప్పినట్టు, ఇందులో కత్తి అనదగిన ఒక్క భాగాన్ని వేరు చేసి చూపలేము. అలాంటప్పుడు దసరా నాడు పూజ అందుకునేది ఏది? ఉక్కు ముక్క కాదు, అది మారిపోయింది. దాన్ని అదే కత్తిగా నిలిపింది కమ్మరి నిర్ణయం, రాయి, నూనె, వాడినవాడి చేయి కలిసిన ఒక వరుస. కత్తికి కర్తృత్వం లేదన్నది నిజమే అయినా, పలువురి కర్తృత్వం దానిలో నిలిచి ఉందని, ఆ నిలిచినదానికే పసుపు కుంకుమలు అందుతాయని చెప్పవచ్చు.

బలి ఈ నిర్ణయానికి గట్టి పరీక్ష. శామీర్‌పేట చెరువు కట్ట మీది కట్టమైసమ్మకు యాటను మొక్కుకునే కుటుంబాలకు కోత మొక్కులో భాగమే. దేవాలయ ప్రాంగణాలలో జంతుబలిని నిషేధించే 1950 నాటి చట్టం ఉంది. మరోవైపు గుమ్మడికాయను కోసి కుంకుమ అద్ది దాన్నే బలిగా సమర్పించే పద్ధతి కూడా పాతదే. ఇక్కడ మారింది తెగేది మాత్రమే, కత్తి మారలేదు, వాదర మారలేదు. అంటే ఆచారం హింసను కత్తిలో చూడలేదు, తెగేదానిలో చూసింది. జైనులు దాన్ని ఇచ్చే చేతిలో చూశారు, చట్టం తయారీ ఉద్దేశంలో చూసింది. ఈ మూడు చూపులనూ ఆయుధపూజ ఒకటి చేయలేదు, చేయడానికి ప్రయత్నించినట్టు కూడా కనిపించదు. అది చేసేది ఇంకొకటి: పూజ అందుకున్న పనిముట్టుతో ఆ రోజు పని చేయించరు. అజ్ఞాతవాసంలో పాండవుల ఆయుధాలు జమ్మిచెట్టు మీద ఉన్నట్టు, కరణాన్ని కర్త నుంచి విడదీసి పక్కన పెడతారు. అలసట లేనిదానికి ఎవరూ సెలవు ఇవ్వరు కనుక, జడమని తెలిసిన వస్తువును శ్రమలో తోడైనదిగా లెక్కించడం ఈ విరామంలో కనిపిస్తుంది.

అయితే గీతకత్తికి ఈ నియమం పూర్తిగా చెల్లదు. గీత మొదలైన చెట్టును వదిలేస్తే కోత ఆరి, నాళాలు మూసుకుని, కల్లు తగ్గుతుంది. పండుగ పూట కల్లుకు గిరాకీ కూడా ఎక్కువే. కనుక ఎల్లమ్మకూ కాటమయ్యకూ మొక్కే గౌడుల ఇళ్ళలో కూడా ఆ కత్తికి పూజ జరగగలిగే సమయం ఉదయపు గీతకూ సాయంత్రపు గీతకూ మధ్య ఉన్న కొన్ని గంటలే, అందులోనూ కొంత నూరడానికి పోతుంది.